రెక్కకు అవతల

ఆ వేసవిలో ఎక్కువ భాగం నేను ఆర్డిస్ ముఖం చూడలేదు, గొంతే విన్నాను. మా ఇద్దరి మధ్యా ఒక విమానం రెక్క నిలబడి ఉండేది.

పాడి ఆవుల్ని అమ్మేశాక ఖాళీ పడిన కొట్టంలో ఆ రెక్కను అంచు మీద నిలబెట్టి, రెండు చెక్క స్టాండ్లకు కట్టేశాం. లోపల పలచటి చెక్క పక్కటెముకలు, వాటి మీద రెండు వైపులా కొత్త బట్ట. ఆ బట్టను ప్రతి పక్కటెముకకూ కుట్టాలి. లేకపోతే విమానం తలకిందులైనప్పుడు గాలి దాన్ని ఊడబెరుకుతుంది. మూరెడు సూదిలో మైనం రాసిన దారం ఎక్కించి నేను నా వైపు నుంచి గుచ్చుతాను. సూది పక్కటెముకను రాసుకుంటూ అవతలికి పోతుంది. అక్కడ ఆర్డిస్ దాన్ని అందుకుని, పక్కటెముకకు రెండో వైపు నుంచి తిరిగి నాకు పంపుతుంది. నేను ముడి వేస్తాను. దానికి రెండు వేళ్ళ వెడల్పు దిగువన ఇంకో కుట్టు. ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరికొకరు కనబడనక్కర్లేదు.

"గట్టిగా లాగు," అనేది ఆర్డిస్ అవతలి నుంచి. "పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నా, దారం బిగించడం రాలేదు నీకు."

"నా దారానికేం, శుభ్రంగా ఉంది. నువ్వు పంపే సూదే వంకర."

"సూది కాదులే, వంకర..."

"మొగుడా?"

"నేననలేదు. నువ్వే అన్నావ్."

పొద్దుటి నుంచి ఇలాగే సాగేది. ముఖాలు కనబడకపోతే మనుషులు ఎక్కువ మాట్లాడతారని నాకు అప్పుడే తెలిసింది. భోజనాల బల్ల దగ్గర ఉప్పు అందుకోవడానికి తప్ప నోరు విప్పని మేము, రెక్కకు అటూ ఇటూ నిలబడితే మాత్రం, కొత్తగా పరిచయమైన వాళ్ళలా కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆమె తన చిన్నప్పటి సంగతులు కొన్ని చెప్పింది, అన్నేళ్ళ కాపురంలో నేను వినని సంగతులు. వింటూ ముడులు వేశాను.

విమానం మాది. ముప్ఫై అయిదేళ్ళ కింద పోస్టులో నక్షాలు తెప్పించుకుని, గొట్టాలు అతికి, చెక్క చిత్రిక పట్టి నేను కట్టాను, ఆమె ఎగిరింది. రెండంతస్తుల రెక్కలు, ఒకే ఒక్క సీటు. గిరికీలు కొట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఎక్కడికైనా పోదామంటే అందులో పాలసీసా పెట్టుకునే చోటు కూడా లేదు. విస్కాన్సిన్‌లో మా వైపు జరిగే జాతరలన్నిట్లోనూ ఆర్డిస్ దాన్ని బోర్లించి, వెల్లకిలా తిప్పి, జనం నోళ్ళు తెరిపించింది. వాళ్ళమ్మ మంచాన పడ్డ ఏడు కొట్టంలో పెట్టాం. ఆవిడ పోయాక కూడా ఎందుకో బయటికి తియ్యలేదు. ఎలుకలు సీటు కింద కాపురాలు పెట్టాయి. బట్ట వేలితో పొడిస్తే చిరిగేట్టయింది.

ఆ ఏడు మంచు కరుగుతుండగా, ఆర్డిస్ వంటింటి కిటికీలోంచి కొట్టం వైపు చూస్తూ అంది.

"ఆగస్టు జాతరకి ఎగురుతాను, మెరిల్."

"దేంట్లో?"

"చీపురుకట్ట మీద! దేంట్లో ఏంటి? దాన్ని విప్పు."

విప్పాను. పాత బట్ట చింపి పొయ్యిలో వేశాను. గొట్టాల తుప్పు గోకి రంగు వేశాను. రెక్కల వెన్నుచెక్కల మీద దీపం అడ్డంగా పట్టి అంగుళం అంగుళం వెతికాను, ఎక్కడా పగుల్లేదు. ముసలితనం మాకంటే ఆ చెక్కలకే బాగా కుదిరింది. కుట్టుపని మిగిలింది.

జూన్‌లో, మొదటి గడ్డి కోతలప్పుడు, చర్చి నేలమాళిగలో జరిగిన కాఫీ విందు సంగతి చెబుతోంది ఆర్డిస్. ఆమె రూబార్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె గురించి ఎవరో ఏదో అన్నారట.

"అందరూ వేసుకుని తింటున్నారు. అప్పుడు ఆ ఇంగ్‌బోర్గ్ ఫోర్కు కింద పెట్టి, అందరికీ వినబడేట్టు ఏమందంటే..."

సూది అవతలికి పంపాను. నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఏమంది?"

జవాబు లేదు. సూది కూడా రాలేదు.

"ఏయ్, నిద్రపోయావా ముసలిదానా! ఇక్కడ నా గడ్డం పెరుగుతోంది."

బయట గడ్డి కట్టలు కట్టే యంత్రం చప్పుడు వినిపిస్తోంది. దారానికి మైనం రాసుకున్నాను. అప్పుడు సూది వచ్చింది, ఎక్కడికి రావాలో సరిగ్గా అక్కడికే.

"నవ్వవేం?" అంది ఆర్డిస్.

"ఏమందో చెప్పందే ఎలా నవ్వను?"

"చెప్పానుగా. వినకపోతే నాదా తప్పు?"

నేనే పరధ్యానంగా ఉన్నాననుకున్నాను. మర్నాడు మళ్ళీ అలాగే అయింది. మళ్ళీ అరిచాను. "కాఫీకి పోయావా? చెప్పి పోకూడదూ!" ఈసారి వాక్యం మధ్యలో ఆగి, వేరే వాక్యం మధ్యలో మొదలైంది.

మూడోసారి నేను అరవలేదు. చప్పుడు చెయ్యకుండా రెక్క చివరిదాకా నడిచి తొంగి చూశాను.

ఆర్డిస్ నిలబడే ఉంది. నా సూది బట్టలోంచి సగం బయటికి వచ్చి ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. కళ్ళు దాని వైపే ఉన్నాయి, చూపు మాత్రం లేదు. ఎడమచెయ్యి ఏప్రన్ అంచును నలుపుతోంది, కొట్లో బట్ట నాణ్యం చూస్తున్నట్టు. పెదవులు దేన్నో మెల్లగా నములుతున్నాయి. ఆ ముఖం నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. ఆ ముఖంలో ఆమె లేదు. తలుపు తీసి ఉన్న ఇంటి ముందు నిలబడి పిలిచి, పలుకు రాక, లోపలికి పోవాలో తిరిగిపోవాలో తెలియనివాడిలా నిలబడ్డాను.

అంతలో ఆమె తన కళ్ళలోకి తిరిగి వచ్చింది. చెయ్యి లేచి సూదిని అందుకుంది. పక్కన నన్ను చూసి ఉలిక్కిపడింది.

"అక్కడేం చేస్తున్నావ్, దొంగలాగా?"

"కుట్లు చూస్తున్నా."

"నా కుట్ల మీద నిఘా కూడానా! పో, నీ వైపుకి పో."

నా వైపుకి వచ్చాను. ముడి వేశాను.

ఆ విమానం పట్టు వదిలితే తనంతట తాను నిలదొక్కుకునే రకం కాదు. చిటికెన వేలు కదిలితే తిరగబడాలని ఆర్డిస్ కోరింది, అలా తిరగబడేలాగే కట్టాను. పల్టీ కొట్టి కిందికి వస్తున్నప్పుడు నేల ముక్కుకి ఎదురుగా ఉంటుంది. ఆ క్షణాన విమానాన్ని తిప్పే స్టిక్కు పట్టుకున్న చేతిలో మనిషి లేకపోతే ఏమవుతుందో కట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కన ఇంకో సీటు లేదు. పిలవడానికి ఎవరూ ఉండరు.

చెప్పాలి. చేయవలసింది అంతే. ఒక్క మాట, రెక్కకు ఇవతల నుంచి.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చాలాకాలం నన్ను నేను అడుగుతూ వచ్చాను. ఆమె మనసు విరుగుతుందని, ఆ వేసవంతా ఆమె దాని కోసమే లేస్తోందని, ఇలాంటి కారణాలు నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే. వాటి అడుగున ఇంకొకటి ఉంది. ముప్ఫై ఏళ్ళు నేను నేల మీద నిలబడి మెడ వెనక్కి వాల్చి చూసినవాణ్ణి. ఆమె పైన ఉన్నంతసేపూ నా కడుపులో ఒక పిడికిలి బిగుసుకుని ఉండేది. చక్రాలు గడ్డిని తాకాక విచ్చుకునేది. రెక్క చివర నిలబడి ఆ ఖాళీ ముఖాన్ని చూసిన క్షణంలో, భయం కంటే ముందు, ఆ పిడికిలి విచ్చుకుంది. ఇంక పైకి పోదు, అనుకుంది నాలో ఎవరో, చల్లగా, నిశ్చింతగా. తరవాతే భయం వచ్చింది. కానీ ముందు వచ్చింది అది. ఇప్పుడు ఆ మాట చెబితే ఏ నోటితో చెబుతాను? ఆమెను కాపాడుకునే మొగుడి నోటితోనా, గెలిచినవాడి నోటితోనా? నాకు తెలియలేదు. తెలియనంతకాలం నోరు మూసుకున్నాను.

బండి తాళాలు మాత్రం నా జేబులో వేసుకున్నాను. మా ఇంట్లో బండి ఎప్పుడూ ఆమే నడిపేది.

"నువ్వు నడుపుతావా?" అంది, గుమ్మంలో నిలబడి.

"మోకాలు పట్టేస్తోంది. క్లచ్ తొక్కుతుంటే సర్దుకుంటుందన్నాడు డాక్టరు."

"ఏ డాక్టరు?"

"ఉన్నాడులే."

 బండి ఎక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పని నెమ్మది చేశాను. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసేవాణ్ణి. దారం బాగాలేదని కొత్తది తెప్పించాను, అది వచ్చేదాకా కూర్చున్నాం. జాతర దాటిపోతే చాలు, తరవాత చలికాలం. చలికాలం మనిషికి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది అనుకున్నాను.

జూలైలో గేలెన్ వచ్చాడు. మొక్కజొన్న చేల మీద మందు చల్లే పైలెట్. మా గడ్డి రన్‌వే మీద దిగి, కాఫీ తాగి పోవడం అతనికి అలవాటు. పొట్టివాడు, మాట గట్టివాడు.

"ఇంకా కుట్టడమేనా? మీ వాలకం చూస్తే, జాతర ఈ ఏడో వచ్చే ఏడో తెలియట్లేదు."

"మెరిల్‌ని అడుగు," అంది ఆర్డిస్ అవతలి నుంచి. "నత్తలు ఇతని దగ్గర పాఠాలు చెప్పించుకుంటున్నాయి."

"జాతర వాళ్ళు శనివారం మధ్యాహ్నం మీకిచ్చారు ఆర్డిస్. ట్రాక్టర్ల పోటీకి, పందుల వేలానికీ మధ్య."

"పందులకి ముందా నేను, వెనకా?"

"ముందు."

"గౌరవంగానే చూశారు."

గేలెన్ పడీ పడీ నవ్వాడు. అతన్ని విమానం దాకా సాగనంపాను. చేతిలో ఉన్న గ్లవ్స్ వేసుకుంటూ నా ముఖం వైపు చూశాడు.

"ఒంట్లో బాగాలేదా పెద్దాయనా? తెల్లగా పాలిపోయారు."

నోటిదాకా వచ్చింది. ఇతనికి చెబితే ఇతను చెబుతాడు, నేను చెప్పిన పాపం ఉండదు అని కూడా తోచింది.

"ఎండ," అన్నాను.

"కొట్టంలో ఎండేంటి?" అంటూ ఎక్కి పోయాడు.

మర్నాడు పొద్దున నేను కింది ఎడమ రెక్క ముందు నిలబడ్డాను. అది పూర్తయింది. బట్టను బిగించడానికి పూసే డోపు అనే లక్క మొదటి పూత ఆరి, బట్ట డోలు చర్మంలా బిగిసి ఉంది. గోటితో మీటితే మోగింది. నేను కట్టిన రెక్కల్లో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు. జేబులోంచి కత్తి తీసి, ముందు అంచు దగ్గర గుచ్చి, వెనక అంచు దాకా లాగాను. చిరిగిన చప్పుడు పెద్దగా ఏమీ లేదు.

ఆర్డిస్ కాఫీ కప్పులతో వచ్చింది. చీలిక చూసింది. కప్పులు కింద పెట్టి, మిగిలిన బట్ట మీద అరచెయ్యి ఆనించి, ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా నడిచింది.

"బాగానే ఉంది కదా."

"ముడత పడింది."

"ఎక్కడ?"

"కోసేశాను."

ఆమె నన్ను చూసింది. నేను కత్తిని చూశాను.

"సరే," అంది, "మళ్ళీ మొదలెడదాం." పోయి బట్ట చుట్ట తెచ్చి బల్ల మీద దొర్లించింది. ఆ బట్ట ఎంత కష్టపడి సంపాదించామో ఎత్తిచూపలేదు. వంకర మొగుడనలేదు. పోనీలే, నమ్మింది అనుకున్నాను.

ఆగస్టు వచ్చింది. కొట్టం రేకుల కింద ఉక్క. చేలల్లో మొక్కజొన్న మనిషి ఎత్తు దాటి, గాలి వస్తే చాలు గరగరలాడుతోంది. కోసిన రెక్కకే మళ్ళీ కుడుతున్నాం. చివరి రెక్క, చివరి పక్కటెముకలు. సూది పంపాను, రాలేదు. దారానికి మైనం రాసుకుంటూ నిలబడ్డాను. వచ్చింది. ముడి వేశాను. ఇంకొకటి పంపాను. ఇది వెంటనే వచ్చింది. దాని వెనకే ఆమె గొంతు.

"మెరిల్, ఎన్నిసార్లు?"

"ఏంటి ఎన్నిసార్లు?"

"సూది ఆగిపోవడం."

దారం వేలికి చుట్టుకుని ఉంది. విప్పుకోవడం మర్చిపోయాను.

"లెక్కపెట్టలేదు."

"అబద్ధమాడకు. నువ్వు మేకులు కూడా లెక్కపెట్టే మనిషివి."

"రోజుకోసారి. ఒక్కోరోజు ఇంకా ఎక్కువ."

బట్ట ఇవతలికి కొద్దిగా ఉబ్బింది. అవతల అరచెయ్యి ఆనించిందని తెలిసింది.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"నాకేం తెలుస్తుంది? నా లెక్క ప్రకారం నేనెక్కడికీ పోలేదు. నిన్ను బట్టి తెలిసింది. నేను ఆలస్యం చేస్తే 'నిద్రపోయావా ముసలిదానా' అని అరిచేవాడివి. ఉన్నట్టుండి అరవడం మానేశావ్. పెళ్ళయ్యాక నువ్వు నా మీద విసుక్కోని వారం ఒక్కటి చూపించు. మర్యాదగా ఉండటం మొదలెట్టావ్ నాతో. ఎంత భయమేసిందో తెలుసా?"

వేలికి చుట్టుకున్న దారం విప్పాను.

"తరవాత తాళాలు. తరవాత ఆ రెక్క. బాగున్న బట్టని నువ్వు కోశావంటే, నీకు పిచ్చైనా పట్టి ఉండాలి, నాకేదో అయ్యైనా ఉండాలి. పిచ్చోడివైతే అన్నం అడగవు. శుభ్రంగా తింటున్నావ్."

"చెబుదామనే అనుకున్నా."

"ఎంతసేపుంటోంది?"

"దారానికి మైనం రాసుకునేంతసేపు."

"ఒక పల్టీకి సరిపోతుందా?"

ఆమె ఏం అడుగుతోందో, ఎందుకలా అడుగుతోందో నాకు తెలుసు. ఆ కొలత మాకిద్దరికీ ఒకటే.

"రెండింటికి," అన్నాను.

 ఆమె ఏడుస్తోందేమోనని చెవి పెట్టాను. లేదు. ఊపిరి తీసుకుంటోంది, అంతే.

"నీకు ఊరటగా ఉందా?"

కాదని చెప్పడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. నా ముఖం ఆమెకు కనబడటం లేదు. నోరు తెరిచాను కూడా.

"కొంచెం," అన్నాను.

"తెలుసు," అంది ఆర్డిస్. గొంతులో కోపం లేదు. "దిగిన ప్రతిసారీ ముందు కనబడేది నీ ముఖమే కదా. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నువ్వు మాత్రం జ్వరం దిగినవాడిలా ఉండేవాడివి." బట్ట మీది ఉబ్బు తగ్గింది. "సూది పంపు."

"ఇంకెందుకు?"

"సగం కుట్టి వదిలేస్తారా ఎవరైనా? పంపు."

పంపాను.

జాతర శనివారం మేము నది ఒడ్డు పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాం. మెదడులో ఎడమవైపు ఏదో పాత మచ్చ ఉందన్నారు, ఎప్పటిదో తెలియదన్నారు. ఆమె అలా క్షణాలపాటు మాయమవడం కూడా ఒక రకం మూర్ఛేనన్నారు. మాత్రలు రాశారు. వాటితో తగ్గచ్చు, తగ్గకపోవచ్చు. ఆ డాక్టరు చిన్నవాడు, మృదువుగా మాట్లాడాడు.

"ఇంక మీరు విమానం నడపకూడదండీ. కారు కూడా."

"గడ్డి కోసే మిషను?"

"వద్దండీ."

"మొగుణ్ణి తోలచ్చా?"

అతను నా వైపు చూశాడు, నవ్వచ్చో లేదో తెలియక. నేను కూడా చెప్పలేకపోయాను.

తిరిగి వస్తుంటే కొండ దిగువన జాతర మైదానం కనబడింది. పెద్ద చక్రం తిరుగుతోంది. మైకులో ఎవరో పందుల పాట పాడుతున్నారు, ధర మీద ధర. ఆర్డిస్ అద్దం దించి కొంతసేపు విన్నది.

"ఇకనుంచి దాన్ని ఎగరెయ్యమని గేలెన్‌ని అడుగు," అంది. "మన చుట్టుపక్కల ఆ సీట్లో పట్టేది వాడొక్కడే. ఇంకెవరు కూర్చున్నా మోకాళ్ళు చెవులకి తగుల్తాయి."

"తొందరేం లేదు."

"కొట్టంలో పెట్టడం ఒకసారి చేశాం. చాలు."

సెప్టెంబరులో విమానాన్ని గడ్డి మీదికి తెచ్చి రెక్కలు తగిలించాం. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య బల్లపరుపు ఉక్కు తీగలు అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిని బిగించడాన్ని బట్టి రెక్క కూర్చునే తీరు ఉంటుంది. విప్పేటప్పుడు ప్రతి తీగ చివరా రంగుతో గీత పెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్కో తీగనీ ఆ గీత దాకా తిప్పి ఆపాను, ఆమె చివరిసారి దించినప్పుడు ఎలా ఉందో అలాగే. ముందు నిలబడి చూస్తే ఎడమ రెక్క అంచు వెంట్రుకవాసి తేడాగా ఉన్నట్టు అనిపించింది. ముట్టుకోలేదు.

గేలెన్ పొద్దున్నే వచ్చాడు. చేల మీద మంచుపొర ఇంకా విడలేదు. అతను సీట్లో ఇరుక్కుంటుంటే ఆర్డిస్ రెక్క మీద ఎక్కి నిలబడి, అతని భుజాల పట్టీలు తనే బిగించింది.

"దిగేటప్పుడు ముందేమీ కనబడదు. పక్కలకి చూసుకో."

"తెలుసు ఆర్డిస్."

"తెలుసనే అందరూ చెబుతారు. నేలకి దగ్గరయ్యాక దాంతో పోట్లాడకు. దానికి దిగడం వచ్చు."

"చిత్తం మహారాణీ. ఇంక దిగుతారా, నాతో వస్తారా?"

"సీటుంటే వద్దును," అంది. దిగి నా పక్కకి వచ్చింది.

విమానం గడ్డి మీద తోక ఎత్తి, రెండు మూడు గెంతులు గెంతి, మంచుపొర మీదికి లేచింది. నేను అలవాటు కొద్దీ కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. అక్కడ పిడికిలి లేదు. దాని చోట ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు ఏది పోవాలని కోరుకున్నానో అది పోయింది, నాలో కొంత భాగాన్ని కూడా తీసుకుపోయినట్టుంది. గేలెన్ పైకి, ఇంకా పైకి పోయాడు. ఒక పల్టీ కొట్టాడు, గుండ్రంగా, జాగ్రత్తగా, పరీక్ష రాస్తున్నవాడిలా.

ఆర్డిస్ మెడ వెనక్కి వాల్చి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఇంత చిన్నగా కనబడుతుందా ఇక్కణ్ణుంచి?"

"ఇంకా చిన్నగా. నువ్వు ఇంకా ఎత్తుకి పోయేదానివి."

"నువ్వెప్పుడూ చెప్పలేదు."

"అడగలేదుగా."

ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. విమానం దిగేదాకా వదల్లేదు.

గేలెన్ దిగి, టోపీ తీసి, తడిసిన జుట్టు తుడుచుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. "ఆలోచిస్తే చాలు తిరుగుతోంది! నా జన్మలో ఇలాంటిది..." అని మొదలెట్టి, మా ఇద్దర్నీ చూసి తగ్గాడు. "ఒక్కటే. ఎడమ రెక్క బరువుగా ఉంది. చెయ్యి తీస్తే ఎడమకి ఒరుగుతోంది."

"అదెప్పుడూ ఒరగలేదు," అంది ఆర్డిస్. "తాడు పట్టి గీసినట్టు పోయేది."

"మీ చెయ్యి దాన్ని కుడికి పట్టి ఉంచేదేమో, మీకు తెలియకుండానే. అలవాటైపోతుంది కదా."

ఆర్డిస్ కుడిచెయ్యి ముందుకి చాపి, లేని స్టిక్కు చుట్టూ వేళ్ళు మూసింది. కళ్ళు మూసుకుంది. తెరిచి చూసుకుంది. మణికట్టు కొద్దిగా, చాలా కొద్దిగా, కుడికి వాలి ఉంది.

నవ్వింది. "ముప్ఫై ఏళ్ళు సూటిగా ఎగురుతున్నాననుకున్నా."

"ఉండనీ," అన్నాను. "గేలెన్, నీకూ అలవాటైపోతుంది. నాలుగు రోజులు ఎగిరితే నీ చెయ్యి కూడా సర్దుకుంటుంది."

గేలెన్ నా వైపు వింతగా చూశాడు. అలాంటి మాట నా నోట రాకూడదు. కట్టేవాడెవడూ అనడు. "మీ ఇష్టం పెద్దాయనా," అన్నాడు నేల చూస్తూ.

"ఇష్టమేంటి ఇందులో?" అంది ఆర్డిస్. "పొద్దస్తమానం మందు చల్లి వచ్చి ఎక్కుతాడు, అలిసిపోయి ఒక్క క్షణం చెయ్యి వదుల్తాడు. పానా ఇటివ్వు."

"నేను చేస్తాలే."

"నువ్వు చెయ్యవు. ఇటివ్వు."

ఇచ్చాను. గేలెన్ కాఫీ అని గొణిగి ఇంటి వైపు నడిచాడు. ఆర్డిస్ ఎడమ రెక్క కింద తడిగడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, తీగ చివరి నట్టు వదులు చేసింది. నేను విమానానికి ఎదురుగా కొంత దూరం పోయి, ఒక కన్ను మూసి, పై రెక్క అంచునీ కింది రెక్క అంచునీ ఒకదానితో ఒకటి కలిపి చూశాను. రంగు గీత ఇక్కడికి కనబడదు. అయినా అది తన చోటు నుంచి జరగడం నాకు తెలుస్తూనే ఉంది.

"ఇప్పుడు?" అంది.

"ఇంకొంచెం."

తిప్పింది. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

మళ్ళీ తిప్పింది. మంచుపొర విడిపోయి రెక్కల మీద ఎండ పడింది. రెండు అంచులూ ఒకే గీతలో కలిశాయి, కొత్త విమానానికి కూడా అంత బాగా కుదరవు.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం," అన్నాను.

ఆమె తిప్పలేదు. మోకాళ్ళు దులుపుకుని లేచి, నా దగ్గరికి నడిచి వచ్చి, పక్కన నిలబడింది. ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది.

"వచ్చేసింది, మెరిల్," అంది.

వెనక్కి పోయి, రెక్క కింద కూర్చుని, నట్టు బిగించింది.